ఇల్లరికపు అల్లుడికి బీరువా తాళం

"వార్షిక సంచికకి నువ్వొక వ్యాసం ఇవ్వాల్సిందే. కవితలు మాత్రం వద్దు, ఇప్పటికే నలభై వచ్చినాయి" అని మన విద్యార్థి సంఘం కార్యదర్శి హాస్టలు మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. ఏం రాయమంటావయ్యా అంటే, "నీ కంప్యూటర్ల గురించే రాయి. కానీ తెలుగు శాఖ వాళ్ళకి కూడా అర్థం కావాలి" అన్నాడు. ఈ రెండో షరతు దగ్గర వారం రోజులు కూర్చుండిపోయినాను. ఆలోచించగా ఆలోచించగా నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే ఉందని తేలింది. అది నేను చేసిన ఒక తప్పు. దాన్ని అర్థం చేసుకోడానికి కంప్యూటరు రానక్కర్లేదు, టమోటా బాక్సు చూసి ఉంటే చాలు. మదనపల్లెలో చదువుకుంటూ టమోటా బాక్సు చూడనివాడు ఉంటాడా?

2023 వేసవి సంగతి. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. ఇంటర్న్‌షిప్పు కోసం తోటివాళ్ళంతా బెంగళూరు బస్సెక్కుతుంటే, నేను మాత్రం మా చిన్నాయన మాట సాయంతో ఇక్కడే మార్కెట్టు యార్డులో ఒక మండీలో చేరినాను. (బెంగళూరు పోవడానికి డబ్బు లేకనే ఇక్కడ ఉండిపోయినానని కొందరు మిత్రులు ప్రచారం చేశారు. అది నిజమే.) ఆ మండీలో లెక్కల ప్రోగ్రాము ఒకటి అప్పటికే నడుస్తున్నది. మన సీనియరు ఒకాయన సి భాషలో రాసి, ఉద్యోగం రాగానే హైదరాబాదు వెళ్ళిపోయినాడు. రైతు సరుకు దించగానే లాటు నంబరు, పేరు, ఊరు, బాక్సులు ఎక్కించడం. వేలంలో ధర తేలగానే ఆ ధర వెయ్యడం. కమీషను, హమాలీ, బాడిగ తీసి పట్టీ అచ్చు వేసి ఇవ్వడం. ఇంతే దాని పని. చక్కగానే చేసేది.

చిక్కు ఎక్కడంటే, మండీలో నియమాలు ఒక్కతీరుగా ఉండవు. ఒక వ్యాపారికి ఒక లెక్క, ఇంకొకరికి ఇంకో లెక్క. హమాలీ కూలి పెరుగుతుంది. పచ్చికాయ ఎక్కువుంటే తరుగు మారుతుంది. మారినప్పుడల్లా హైదరాబాదుకి ఫోను చేసి, ఆయన ఆదివారం తీరిక చేసుకుని ప్రోగ్రాము మళ్ళీ కూర్చి పంపితే గాని కుదరదు. యజమాని విసిగిపోయి, "అబ్బోడా, ఈ లెక్కలు మనమే ఇక్కడ మార్చుకునేట్టు చెయ్యలేవా?" అని అడిగినాడు. అదీ నా పని.

ఇలాంటి అవసరానికి ఉపయోగపడే పద్ధతి లోకంలో ఎప్పటినుంచో ఉంది. పెద్ద ప్రోగ్రాము లోపల ఒక చిన్న భాషను కాపురం పెట్టడం. గట్టిగా ఉండాల్సింది పెద్ద ప్రోగ్రాములో ఉంటుంది, రోజూ మారేది చిన్న భాషలో రాసుకున్న చీటీలలో ఉంటుంది. ఆ చీటీలనే స్క్రిప్టులంటారు. ఎక్సెల్‌లో మాక్రోలు అంతే, బ్రౌజరులో జావాస్క్రిప్టు అంతే. నేను ఎంచుకున్నది లువా అనే భాష. 1993లో బ్రెజిల్ దేశంలో రియో నగరంలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అంతకుముందు ఆ దేశంలో విదేశీ కంప్యూటరు సరుకు మీద గట్టి ఆంక్షలుండేవి. కొనుక్కోడానికి వీల్లేనివాళ్ళు సొంతంగా వండుకోవడం అలవాటు చేసుకున్నారు. పెట్రోబ్రాస్ అనే వాళ్ళ చమురు సంస్థలో ప్రోగ్రాములు రాయని ఇంజినీర్ల అవసరం కోసం ముగ్గురు కలిసి చేసిన వంట ఇది. లువా అంటే పోర్చుగీసు భాషలో చందమామ. పేరు నచ్చి ఎంచుకున్నానని మా సారుతో చెప్పలేదు గాని, అదీ ఒక కారణమే.

ఇక అసలు సంగతి. పెద్ద ప్రోగ్రాము మామగారి ఇల్లనుకోండి. స్క్రిప్టు ఇల్లరికం వచ్చిన అల్లుడు. అతనికి సొంత ఇల్లు లేదు, ఈ ఇంట్లోనే తినాలి, ఈ ఇంటి పనే చెయ్యాలి. సొత్తంతా మామగారి బీరువాలో ఉంది. అల్లుడు పని చెయ్యాలంటే ఆ సొత్తు చూడాలి, ఒక్కోసారి ముట్టుకోవాలి. ఎట్లా ఇవ్వాలి?

మొదటి పద్ధతి, నకలు రాసి ఇవ్వడం. 97వ లాటు ధర ఎంత అంటే, ఆ అంకె ఒక కాగితం మీద రాసి చేతిలో పెడతారు. అల్లుడు దాన్ని కొట్టేసినా, చింపేసినా బీరువాలో ఉన్నది చెదరదు. మన ఊళ్ళో 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు బి.టి. కళాశాలలో బస చేసి, జనగణమనను తానే ఇంగ్లీషులోకి మార్చి రాసి ఇచ్చినాడు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కుదిర్చింది. ఆ కాగితం మీద ఇక్కడ ఎవరు ఏం దిద్దినా కలకత్తాలోని బెంగాలీ పాట మారదు గదా. నకలులో ఉన్న క్షేమం అది. దాని లోపమూ అదే. తర్వాత అక్కడ అసలు మారిందంటే ఇక్కడి కాగితానికి ఆ కబురు తెలీదు.

రెండోది, అడిగినప్పుడల్లా బీరువా తీసి చూపించడం. తాళం అత్తగారి కొంగునే ఉంటుంది. అల్లుడు "ధర ఎంతండీ?" అని అడిగితే ఆమె అప్పటికప్పుడు లోపలికి పోయి చూసి చెబుతుంది. మార్చమంటే మార్చదగ్గదో కాదో విచారించి మారుస్తుంది. నిదానం, కానీ నమ్మకం.

మూడోది, తాళమూ, బీరువా ఉన్న చోటూ చెప్పేసి "నువ్వే చూసుకో నాయనా" అనడం. సి భాషలో పాయింటరంటారు. కంప్యూటరు జ్ఞాపకంలో ఆ సరుకు ఉన్న చోటు చిరునామా.

లువాకీ సి కీ నడుమ ఒక అరుగు ఉంటుంది. స్టాకు అని పేరు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నేరుగా ఏదీ పోదు. ఇద్దరూ అరుగు మీదనే పెట్టాలి, అరుగు మీదనుంచే తియ్యాలి. సి ప్రమేయాన్ని లువా పిలిచినప్పుడు అరుగు మీద 20 చోట్లు ఖాళీగా ఉంటాయని హామీ. అంకె పెడితే నకలు పోతుంది. మాట పెడితే లువా తన సొంత నకలు రాసుకుంటుంది. చిరునామా పెడితే ఒట్టి చిరునామానే పోతుంది. ఆ చిరునామాలో ఎవరున్నారో, ఇంకా ఉన్నారో లేదో లువా విచారించదు. ఇది పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివినాను కూడా. చదివి, రెండో పద్ధతికి చాలా రాయాలి, మూడోదానికి పన్నెండు వరసలు చాలునని లెక్క వేసుకుని, చిరునామానే ఇచ్చినాను. పైగా ఎంత వేగంగా నడుస్తున్నదో చూడమని మా సారుకి గొప్పగా చూపించినాను.

మే, జూన్ నెలలు బాగా నడిచింది. యజమాని తానే స్క్రిప్టులో హమాలీ రేటు మార్చుకుని పొంగిపోయినాడు. తర్వాత "ఆగిన లాట్లు" కూడా చెయ్యమన్నాడు. అంటే, మొదటి పాటలో వచ్చిన ధరకి రైతు ఒప్పుకోకపోతే ఆ సరుకు పక్కన పెడతారు, ఇంకొక వ్యాపారి వచ్చినప్పుడు మళ్ళీ పాడతారు. అట్లాంటి లాటును స్క్రిప్టు గుర్తు పెట్టుకోవాలి, అమ్ముడుపోగానే పట్టీ వెయ్యాలి. గుర్తు పెట్టుకోవడమంటే ఏముంది? చిరునామా రాసిపెట్టుకున్నాను.

ఆ జూలైలో టమోటా ధర ఎట్లా ఎగిరిందో మీకు చెప్పనక్కర్లేదు. నెలాఖరుకి మన మార్కెట్లో మొదటి రకం కిలో 190 రూపాయలు దాటింది. సరుకు తక్కువ గనకనే ధర అంత పోయింది. కానీ మండీలో జనం మాత్రం ఎక్కువైనారు. ధర ఉన్నప్పుడు పది బాక్సులున్నవాడు కూడా తోటలో ఉన్నదంతా గాలించి కోసుకొస్తాడు. బాక్సులు తక్కువ, లాట్లు ఎక్కువ. ఈ మాట ఇక్కడ గుర్తు పెట్టుకోండి.

ఒకరోజు మధ్యాహ్నం, పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు పట్టీ చేతిలో పట్టుకుని మళ్ళీ వచ్చినాడు. ఆయన 22 బాక్సులు తెచ్చినాడు. మొదటి పాటలో బాక్సు 3,100 అన్నారు. ఒప్పుకోలేదు. రెండు గంటలు కాచుకుని 3,600కి అమ్మినాడు. పట్టీలో 3,100 పడింది. ఆయనకి చదువు రాదు, బస్టాండులో ఎవరితోనో చదివించుకున్నాడట.

"ఏమప్పా, మిషను తప్పు జెప్తాదా? నువ్వే మరిచిపోయినావేమో" అన్నాడు యజమాని. రద్దీలో ఉన్నాడు, కోపంగా కూడా అనలేదు. పెద్దాయన నా వైపు తిరిగినాడు. "నువ్వు జెప్పు నాయనా. మూడువేల నూరుకి ఒప్పుకునేవాణ్ణయితే పొద్దున్నే ఇచ్చేసి పోదును గదా. ఒప్పుకోకనే గదా ఆగినాను."

దీనికి జవాబు లేదు. అంత సూటి మాట నా చదువులో ఎవరూ చెప్పలేదు. నేను తెర వైపు ఒకసారి తిరిగి చూసి ఉంటే సరిపోయేది. తెర మీద 3,600 అనే ఉంది. చూడలేదు. యజమాని ముందర నా ప్రోగ్రాము మాట పడటం ఇష్టం లేక, "కంప్యూటరు అట్లా తప్పు చెయ్యదు పెద్దాయనా" అన్నాను. ఆయన ఇంకొక మాట అనకుండా పట్టీ మడిచి తువ్వాలు కొసన ముడి వేసుకుని వెళ్ళిపోయినాడు. కసిరి ఉంటే బాగుండేది.

రాత్రి హాస్టల్లో అన్నం సయించలేదు. మండీకి పోయి గుమాస్తా దగ్గర ఎర్ర అట్ట పుస్తకం తీసుకుని తెర మీది లెక్కా, అచ్చు వేసిన పట్టీల లెక్కా పక్కపక్కన పెట్టినాను. పుస్తకంలో 3,600. తెర మీద 3,600. పట్టీలో 3,100. ఆ రోజు ఆగిన లాట్లు తొమ్మిది. అందులో ఆరు పట్టీల్లో రైతు కాదన్న పాత ధరే పడింది. మూడు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఇదే నాకు పిచ్చెక్కించింది. అన్నీ తప్పయితే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, కొన్నే తప్పయితే ఎట్లా?

కుప్పం నుంచి వచ్చిన మిత్రుడొకడు నా గదిలోనే ఉండేవాడు. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, చుట్టాలతో కన్నడం మాట్లాడే మనిషి. నిద్ర కళ్ళతో అంతా విని, "నీ లాట్ల పట్టికకి మొదట ఎన్ని గదులు కట్టినారు?" అని అడిగినాడు. 128 అన్నాను. "ఈ రోజు ఎన్ని లాట్లు వచ్చినాయి?" చూస్తే 141. తప్పుగా పడిన ఆరూ 129వ లాటు రాకముందు ఆగి, అది వచ్చిన తర్వాత అమ్ముడుపోయినవి. సరిగ్గా ఉన్న మూడూ తర్వాత ఆగినవి.

జరిగింది ఇది. 128 గదులు నిండిపోగానే పెద్ద ప్రోగ్రాము 256 గదుల కొత్త ఇల్లు చూసుకుని, సామానంతా అక్కడికి మార్చుకుని, పాత ఇల్లు ఖాళీ చేసింది. ఇది మా సీనియరు చేసిన సరైన ఏర్పాటే, తప్పేమీ లేదు. స్క్రిప్టు దగ్గర మాత్రం పాత ఇంటి చిరునామానే ఉంది. కొత్త ధర కొత్త ఇంట్లో రాసుకున్నారు. అల్లుడు పాత తాళంతో పాత ఇల్లు తీసి చూసినాడు. ఖాళీ చేసిన ఇల్లయినా గోడకి పాత క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. దాని మీద 3,100 అని ఉంది. అదే పట్టీలో వేసినాడు. ప్రోగ్రాము పడిపోయి ఉంటే అప్పుడే తెలిసేది. పడిపోలేదు. మర్యాదగా, శుభ్రమైన అచ్చులో అబద్ధం చెప్పింది. అంతకుముందు ఏ రోజూ 128 దాటలేదు గనక రెండు నెలలు మంచివాడిగా నటించింది.

తర్వాత తెలుసుకున్నదేమంటే, ఇది నా ఒక్కడి తెలివితక్కువ కాదు. క్రోమ్ బ్రౌజరు తయారుచేసేవాళ్ళు 2020లో తమ తప్పులు లెక్కపెట్టుకుంటే, తీవ్రమైన భద్రతాలోపాల్లో దాదాపు 70 శాతం జ్ఞాపకాన్ని సరిగ్గా వాడకపోవడం వల్లనే వచ్చినవని, వాటిలో సగం ఇట్లా ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టడమేనని తేలింది. వాళ్ళ ప్రోగ్రాములోనూ ఇంటివాడు ఒక భాష, కాపురానికొచ్చిన స్క్రిప్టు ఇంకొక భాష. ఇది చదివి కొంచెం ఊరట పొందినాను గాని, వాళ్ళ తప్పుతో పుంగనూరు పెద్దాయనకి పని లేదు.

పొద్దున్నే యజమానికి ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ ఆరుగురిలో అయిదుగురికి మనం బాకీ. ఒకరు మాత్రం కాచుకుని కాచుకుని మొదటి పాటకంటే తక్కువకే ఇచ్చుకున్నాడు, ఆయనకి మన తప్పు వల్ల 1,400 ఎక్కువ ముట్టింది. "ఆయన్ని అడగొద్దులే" అన్నాడు యజమాని. మిగతావాళ్ళకి ఫోన్లు చేయించినాడు. పెద్దాయన ఫోను ఎత్తలేదు. 22 బాక్సులకి 500 చొప్పున 11,000 రూపాయలు లెక్కపెట్టి, "దీని మీద కమీషను పట్టలేదని చెప్పు. నువ్వే పోయి ఇచ్చిరా" అని నా చేతికిచ్చినాడు.

అంతకుముందు నేను ఒక పని చేసినాను, అది చెప్పకుండా దాటెయ్యడం ధర్మం కాదు. రాత్రికి రాత్రే 128ని 1024 చేసి పడుకున్నాను. అంత పెద్ద ఇల్లు కడితే మారే పనే ఉండదని! రోగం అట్లాగే ఉంది, కనబడే రోజు మాత్రం వెనక్కి జరిగింది.

పుంగనూరులో దిగి ఆటోలో ఆ పల్లెకి పోయినాను. పుంగనూరు అనగానే అందరూ పొట్టి ఆవుల్ని అడుగుతారు. పెద్దాయన ఇంటి ముందర కట్టేసి ఉన్నది మాత్రం జెర్సీ ఆవు. తొమ్మిదో తరగతి చదివే కూతురు మంచం వాల్చింది. డబ్బు ఇచ్చి, తప్పు నాదేనని, నిన్న నేను చూడకుండానే మాట్లాడినానని చెప్పినాను. ఆయన డబ్బు కూతురికిచ్చి లెక్కపెట్టమన్నాడు. ఆ పిల్ల రెండుసార్లు లెక్కపెట్టింది.

"అది సరే, ఎందుకట్లా అయింది?" అన్నాడు. ఇంటి మార్పూ, పాత చిరునామా కథ చెప్పినాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే నా సరుకు యాడుందో జాగా గుర్తు పెట్టుకునిందా నీ మిషను?"

"అవును పెద్దాయనా."

"జాగా ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా? హమాలీలు పొద్దున ఒక పక్క వేస్తారు, ఎండొస్తే ఇంకో పక్క జరుపుతారు. మేము నంబరు చీటీ పెడతాము గదా బాక్సు మీద. నంబరు అడిగితే యాడున్నా దొరుకుతాది."

మజ్జిగ తాగి లేచినాను. బస్సులో కూర్చుని 1024 సంగతి తల్చుకుంటే సిగ్గేసింది.

ఆ వారం చిరునామాలన్నీ పీకేసినాను. స్క్రిప్టుకి ఇప్పుడు లాటు నంబరు తప్ప ఇంకేమీ ఇవ్వను. ధర కావాలంటే నంబరు అరుగు మీద పెట్టి అడగాలి. పెద్ద ప్రోగ్రాము అప్పటికప్పుడు వెతికి, ఆ క్షణాన ఉన్న ధర చెబుతుంది. మార్చబోతే "నీకు హక్కు లేదు" అని కేక పెడుతుంది. కుప్పం మిత్రుడు ఇంకొక సందు చూపించినాడు. రద్దయిపోయిన 41వ నంబరు మళ్ళీ ఇంకో రైతుకి ఇస్తే? అందుకని ప్రతి నంబరు వెంట ఎన్నోసారి ఇచ్చినామో ఇంకొక అంకె చేర్చినాను. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కలవకపోతే పట్టీ అచ్చు పడదు, గంట మోగుతుంది. బ్రౌజర్లలో వెబ్‌అసెంబ్లీ అనే ఏర్పాటు ఉంది, అక్కడ జ్ఞాపకాన్ని పెంచినప్పుడు జావాస్క్రిప్టు చేతిలో ఉన్న పాత కిటికీ అప్పటికప్పుడే సున్నా పొడవుదైపోతుంది. పాత అంకె కనబడే అవకాశమే ఉంచలేదు. అది చదివినప్పుడు, వీళ్ళు కూడా ఎక్కడో ఒక మండీలో మాట పడినవాళ్ళే అనుకున్నాను.

వేగం తగ్గింది. పట్టీకి కంటికి ఆనని తేడా. మా సారు అడిగితే తగ్గిందనే చెప్పినాను.

మొన్న డిసెంబరు సెలవుల్లో ఏదో పని మీద మండీకి పోతే పెద్దాయన కనబడినాడు. ధరలు అంతగా లేవు, ముప్పై బాక్సులు తెచ్చినాడట. గుమాస్తా పట్టీ ఇచ్చినాడు. ఆయన దాన్ని జేబులో పెట్టుకోకుండా నేరుగా నా దగ్గరికి తెచ్చి, "చదువు నాయనా" అన్నాడు. చదవబోతుంటే ఆపి, "కాయితం కాదు, ముందు ఆ తెర మీద చూసి చదువు. తర్వాత కాయితం చదువు" అన్నాడు. రెండూ చదివినాను. ఆయన నోట్లోనే ఏదో గుణించుకుని, తువ్వాలు కొసన పట్టీ ముడి వేసుకున్నాడు.